చక్రముల మీది పొయ్యి

వేకువజామున కర్నూలులో కొండారెడ్డి బురుజు దాపున గాని, కడపలో ఏడురోడ్ల కూడలి దాపున గాని నిలిచి చూచినవారికి ఒక దృశ్యము కన్పట్టును. చిన్న ట్రాలీ ఆటో యొకటి వచ్చి రోడ్డు ప్రక్కన ఆగును. ప్రక్కరేకు పైకెత్తినంతనే అది వంటయిల్లగును. లోపల రెండు పొయ్యిలు, ఒక పెనము, నాపరాయి పరచిన బల్ల, బల్ల క్రింద గ్యాసు సిలిండరు. అరగంటలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ సిద్ధమగును. కారం దోసె వాసనకు బస్సు దిగినవారు చుట్టు చేరుదురు. ఎండ ముదురువేళకు రేకు దించి, బండి ఇంటిముఖము పట్టును.

ఒక కుటుంబపు జీవనాధార మంతయు ఆ మూడు చక్రముల మీదనే యున్నది. వానలు తప్పి, బోరు ఎండి, సేద్యము విడిచి పట్టణము చేరినవారు వీరిలో ననేకులు. అప్పు చేసి బండి కొందురు. కమ్మరికొట్టులో దానికి రేకులు, బల్లలు కట్టింతురు. అంతవరకు అన్నిటిని బేరమాడి, చూచి చేయించుకొందురు. గ్యాసు గొట్టము దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము, "ఇంట్లో ఉన్నట్టే పెట్టు నాయనా" అని ఊరకుందురు. నేటి నా ప్రసంగము ఆ ఒక్క మాటను గూర్చియే. ఇంటిలో నున్నట్లు బండిలో పెట్టరాదు. ఇల్లు కదలదు, బండి కదలును. ఇంటికి కిటికీలు, తలుపులు, మోరీలు కలవు. బండి రేకు మూసిన పెట్టె. ఈ రెండు భేదములను మరచుట వలననే ప్రమాదములు పుట్టుచున్నవి.

మన సీమలో కట్టెపొయ్యిని గూర్చి తెలియని ఇల్లాలు లేదు. కందికట్టె ఎట్లు మండును, పత్తికట్టె ఎంతసేపు నిలుచును, వేరుసెనగ పొట్టు ఎంత మోతాదున వేయవలెను అను సంగతులు తల్లి నుండి కూతురికి తరతరములుగా వచ్చినవి. గ్యాసు అట్లు వచ్చినది కాదు. ఇండేన్ పేరిట వంటగ్యాసు తొలుత కలకత్తాలో ఇండ్లకు చేరినది 1965లో. ఆంధ్రదేశపు పల్లెలలో పేద మహిళల కది విరివిగా అందినది 1999లో ఆరంభమైన దీపం పథకముతోను, 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకముతోను. అనగా మన పల్లెలలో గ్యాసు నెరిగిన తరము ఒకటో, రెండో మాత్రమే. చక్రముల మీది గ్యాసు నెరిగిన తరము ఇంకను తయారు కావలసియున్నది. అందుచేత దాని స్వభావమును మొదట చెప్పుకొందము.

సిలిండరులో నున్నది ఒత్తిడిచే ద్రవరూపము దాల్చిన ప్రొపేను, బ్యుటేనుల మిశ్రమము. ప్రొపేను సున్నకు దిగువ 42 సెంటిగ్రేడు డిగ్రీల వద్దనే మరిగి వాయువగును. బ్యుటేను ఇంచుమించు సున్న డిగ్రీ వద్ద మరుగును. చలిదేశములలో నివాసగృహములవలె మలచిన ప్రయాణపు బండ్లు కలవు. మంచు కురియు రాత్రులందు బ్యుటేను వాయువుగా మారక సిలిండరులోనే నిలిచిపోవును గనుక వారు ఆ బండ్లలో ప్రొపేనునే వాడుదురు. మనకు ఆ చింత లేదు. మన చింత చలి కాదు, ఎండ.

ద్రవరూపమున నున్న గ్యాసు ఒక లీటరు బయటపడినచో సుమారు 250 లీటర్ల వాయువగును. ఆ వాయువు గాలిలో నూటికి రమారమి 2 పాళ్లు మొదలుకొని 9 పాళ్లవరకు కలిసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. సహజముగ దానికి చెప్పుకోదగిన వాసన లేదు. కారినప్పుడు జనులు గుర్తింపవలెనని ఇథైల్ మెర్‌కాప్టన్ అను దుర్వాసన పదార్థమును కలుపుదురు. అన్నింటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు, బ్యుటేను రెండు రెట్లు బరువు. పొగవలె అది పైకి పోదు. నేలబారున ప్రాకి, పల్లము వెదకుకొని, అచ్చట నిలుచును.

పల్లమును గూర్చి మన సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఏ చినుకు ఏ వంకను బడి ఏ కుంటను చేరునో కనిపెట్టి బ్రదికినవారము మనము. గ్యాసును కంటికి కనబడని నీరుగా తలచుకొన్నచో సగము జాగ్రత్త దానంతటదే వచ్చును.

నీటి మాట వచ్చినది గనుక ఒక శాసనమును జ్ఞప్తికి తెత్తును. కడప సీమలోని పోరుమామిళ్లలో విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు గొప్ప చెరువు కట్టించి, 1369లో సంస్కృత శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ దానికి పట్టినట్లు అందు చెప్పబడినది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, చెడ్డ చెరువునకు ఆరు దోషములు అందు లెక్కింపబడినవి. ఆ ఆరు దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. నేటికిని ఆ చెరువు నిలిచియున్నది. ఆ పెద్దల వరుసనే పట్టి, చక్రముల మీది గ్యాసు గొట్టమునకు కూడ ఆరు దోషములను చెప్పెదను.

మొదటి దోషము ఊట. చెరువుకట్ట ఊరినట్లే అతుకులు ఊరును. సిలిండరు వాల్వులోని రబ్బరు రింగు, రెగ్యులేటరు మూతి, గొట్టము తొడిగిన కొస, పొయ్యి కుళాయి — ఇవి నాలుగును ఊటకు మూలస్థానములు. పరీక్షకు సబ్బునీరు చాలును. కుంచెతో అతుకు చుట్టు నురుగు పూసినచో, కారుచోట బుడగలు లేచును. అగ్గిపుల్ల వెలిగించి పరీక్షించు అలవాటు ఇంకను కొందరియందు కలదు. అది దొంగను వెదకుటకు ఇంటికి నిప్పంటించుట వంటిది.

రెండవ దోషము మూసిన పల్లము. బండి నేలరేకు మీద, బల్ల క్రింద, చుట్టును పలకలు బిగించి సిలిండరును దాచుదురు. చూచుటకు ముచ్చటగనే యుండును. కాని కారిన గ్యాసు ఆ గూటిలో మడుగు కట్టును. పైన కిటికీ యెంత పెద్దదైనను ప్రయోజనము లేదు. చెరువునకు తూము అడుగున నుండవలెను గాని కట్టపైన కాదు గదా! సిలిండరు నిలుపు గూటికి అడుగుననే, బండి నేల గుండ బయటకు, ఎన్నడును మూసికొనని రంధ్రము లుండవలెను. ఆ రంధ్రములు సైలెన్సరు దాపునను, బ్యాటరీ దాపునను ఉండరాదు.

మూడవ దోషము రాపిడి. దీనిని నేను కన్నులార చూచితిని. కడప జిల్లాలోని ఒక పట్టణమున బస్టాండు ఎదుట టిఫిను బండి నడుపు ఒక అక్క ఒకనాటి వేకువ పొయ్యి వెలిగింపక, బండికి దూరముగ నిలిచియుండెను. కారణ మడిగితిని. "వాసనొస్తాంది సామీ. అగ్గిపుల్ల గీసేదానికి చెయ్యాడలేదు" అనెను. సిలిండరు మూసి, అన్ని వైపుల రేకులెత్తి, గాలి పోవువరకు వేచి, తరువాత వెదకితిమి. రబ్బరు గొట్టము సిలిండరు గూటినుండి పొయ్యివైపునకు ఒక రేకు రంధ్రముగుండ పోవుచున్నది. ఆ రంధ్రపు అంచునకు ఏ తొడుగును లేదు. ఆరునెలలపాటు గుంతల రోడ్డున కదలిన ప్రతి కుదుపునకు రేకు అంచు గొట్టమును రంపమువలె కోయుచు వచ్చినది. చీలిక గోరంత. కొన్ననాడు గొట్టము మంచిదే, పొయ్యి మంచిదే, సిలిండరు మంచిదే. దోషమంతయు రంధ్రపు అంచులో నున్నది. ఇంటిలో అయినచో ఆ గొట్టము ఏండ్ల తరబడి చెక్కు చెదరక యుండెడిది. బండి కదలునను సంగతి బండి కట్టినవానికి తోచలేదు.

ఆమెకు చదువు రాదు. కాని ముక్కు చెప్పిన మాటను చేయి విన్నది. ఆనాటి బేరము పోయినది. ఆమెయు, ప్రక్కన నిదురించుచున్న పిల్లవాడును మిగిలిరి.

నాలుగవ దోషము సిలిండరును పరుండబెట్టుట, కట్టక విడుచుట. స్థలము చాలదని కొందరు దానిని అడ్డముగా పెట్టుదురు. నిలిచియున్న సిలిండరునందు పైభాగమున వాయువు, క్రింద ద్రవము ఉండును. వాల్వునకు వాయువే చేరును. పరుండబెట్టినచో ద్రవమే గొట్టములో పడును. ఒకటి 250 అగు లెక్క ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మంట పొయ్యిలో ఇమడక మీదికి లేచును. నిలువుగ నున్నదైనను పట్టీతో బిగింపనిచో, బ్రేకు వేసినంతనే ఒరిగి రెగ్యులేటరును విరుచును.

అయిదవ దోషము సెగ. ఇంటిలో వాడు 14.2 కిలోల సిలిండరు లోపలి పరిమాణము 33.3 లీటర్లు. అందు ద్రవము ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్లే యుండును. మిగిలిన చోటు, ద్రవము వేడికి ఉబ్బుటకై విడిచినది. వేసవిలో కర్నూలున ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. అట్టి ఎండలో రేకు మూసిన బండి లోపల వేడి ఇంకను హెచ్చును. దానితో సిలిండరులో ఒత్తిడియు హెచ్చును. దీనికి తోడు పొయ్యికిని సిలిండరునకును నడుమ అడ్డు లేకున్నచో వేడిమి రెండు వైపుల నుండి తగులును. బేరము ముగిసిన పిమ్మట బండిని వేపచెట్టు నీడను నిలుపుట ఖర్చు లేని జాగ్రత్త.

ఆరవ దోషము మరపు. వాల్వు మూయక బండి కదల్చుట, గొట్టము కొన్న సంవత్సరము మరచుట, సిలిండరు గడువు చూడక తీసికొనుట — ఇవన్నియు దీనిలోనివే. ఇనుపతీగె అల్లిక గల సురక్షా గొట్టమునకు అయిదేండ్ల ఆయువు. దానిపై భారతీయ ప్రమాణ సంస్థవారి గుర్తు, ఐ.ఎస్. 9573 అను సంఖ్య చూచి కొనవలెను. సిలిండరు మెడ చుట్టునుండు ఇనుపబద్దెలలో ఒకదానిపై ఏ, బి, సి, డి అను అక్షరములలో నొకటియు, సంవత్సరపు చివరి రెండంకెలును వ్రాసియుండును. ఏ అనగా జనవరి మొదలు మార్చి వరకు; బి అనగా జూను వరకు; సి అనగా సెప్టెంబరు వరకు; డి అనగా డిసెంబరు వరకు. ఆ గడువునకు సిలిండరును మరల పరీక్షింపవలెను. గడువు దాటినదానిని తీసికొనక తిరిగి పంపు హక్కు మనకు కలదు.

చక్రముల మీద గ్యాసు ఎంత పని చేయగలదో 2023 ఆగస్టు 26న మదురై రైల్వేస్టేషను చూపినది. లక్నోనుండి యాత్రికులతో వచ్చిన ప్రత్యేక పెట్టె యొకటి అచ్చట నిలిపియుండెను. నిబంధనకు విరుద్ధముగ లోపలికి చేర్చిన సిలిండరుతో వేకువను వంటకు పూనుకొనగా నిప్పంటుకొని తొమ్మిదిమంది మరణించిరి. వారు చెడ్డవారు కారు. పరదేశమున తమ యింటి కాఫీని, తమ యింటి తిండిని కోరిన భక్తులు. అహోబిలమునకు, శ్రీశైలమునకు, మంత్రాలయమునకు, బ్రహ్మంగారి మఠమునకు సిలిండరులను బస్సులలోను, వ్యానులలోను వేసికొని వచ్చు మన యాత్రికులు కూడ ఇట్టివారే. వారొకటి గుర్తుంచుకొనవలెను: వాహనము లోపల వంట చేయరాదు. దిగి, గాలి ఆడు బయలున, సిలిండరును పొయ్యికి ఎడముగ నిలిపి వండుకొనవలెను.

ఇక బండిలో గొట్టము వేయు సరియైన క్రమము. మొదట సిలిండరునకు వంటచోటుతో సంబంధము లేని గూడు కట్టింపవలెను. దాని తలుపు బండి బయటివైపునకు తెరచుకొనవలెను. లోపలివైపు గోడ సందు లేకుండ మూసియుండవలెను. అడుగున తూములవంటి రంధ్రము లుండవలెను. ఇల్లువలె మలచిన బండ్లకు పాశ్చాత్యదేశములలో అనుసరించు పద్ధతియు ఇదియే. సిలిండరును నిలువుగ నిలిపి రెండుచోట్ల పట్టీలతో బిగింపవలెను.

గూటినుండి పొయ్యివరకు పోవు గొట్టము రాగిదై యుండవలెను. రబ్బరు గొట్టము రెండు కొసలయందు మాత్రమే, పొట్టిగా, కంటికి కనబడునట్లు ఉండవలెను. రాగిగొట్టమును బండి ప్రక్కకు రెండేసి జానలకు ఒకచోట రబ్బరు మెత్త పెట్టిన పట్టీతో బిగింపవలెను. రేకు దాటుచోట నెల్ల రబ్బరు తొడుగు ఉండవలెను. సిలిండరు దాపున గొట్టమును ఒక చుట్టు త్రిప్పి విడిచినచో, కుదుపును ఆ చుట్టు భరించును. అతుకునకు బరువు తగులదు. ప్రతి పొయ్యికి వేరు కుళాయియు, అన్నిటికి కలిపి మొదట నొక కుళాయియు ఉండవలెను. ఆ మొదటి కుళాయి పొయ్యి మీదుగా చేయి చాపనక్కరలేకుండ బయటనుండియే అందవలెను.

పని ముగిసిన పిమ్మట మేస్త్రీచే నీటిపరీక్ష చేయించుకొనవలెను. అల్పపీడన రెగ్యులేటరు విడుచు ఒత్తిడి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నీటికి సమానము. లోపలిది కనబడు సన్నని గొట్టమును వంచి, సగము నీరు నింపి, గ్యాసు గొట్టపు పొయ్యివైపు కొసకు తగిలించి, పొయ్యి కుళాయిలు మూసి గ్యాసు విడిచినచో ఒకవైపు నీరు లేచును. తరువాత సిలిండరు కట్టివేసి పది నిమిషములు చూడవలెను. నీటిమట్టము కదలనిచో కట్ట గట్టిది. దిగినచో ఊట కలదు, సబ్బునీటితో వెదకవలెను. పెద్దమంటకై హెచ్చు ఒత్తిడి రెగ్యులేటరు పెట్టినచో ఈ పరీక్ష పనికిరాదు. దానికి తగిన గొట్టము, తగిన కొలతయంత్రము వేరు. ఇంటి గొట్టమును దానికి తగిలింపనే కూడదు.

చట్టము మాట యొకటి. ఇంటికిచ్చు ఎఱ్ఱ సిలిండరును వ్యాపారమునకు వాడుట 2000 సంవత్సరపు గ్యాసు పంపిణీ ఉత్తర్వు ప్రకారము నిషిద్ధము. వ్యాపారమునకు 19 కిలోల నీలి సిలిండరు వేరుగ కలదు. వాహనపు రూపు మార్చుటకు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము అనుమతి పొందవలెను. ఇవి కాగితముల తిప్పలని విసుగుకొనువారు కలరు. కాని దొంగచాటున పెట్టిన సిలిండరును మనిషి దాచవలసివచ్చును. దాచిన సిలిండరునకు గాలి ఆడదు. రెండవ దోషము పుట్టుచోటు అదియే.

వాసన వచ్చినచో ఏమి చేయవలెను? మంటలను ఆర్పివేయవలెను. విద్యుద్దీపపు మీట నొక్కరాదు. ఉన్నది ఉన్నట్లే విడువవలెను. బండి ఇంజను తిప్పరాదు. సిలిండరు మూయవలెను. రేకులు, తలుపులు తెరచి జనులను దూరముగ పంపవలెను. దూరము పోయిన తరువాతనే ఫోను తీసి 1906 అను సంఖ్యకు తెలుపవలెను; ఈ సంఖ్య గ్యాసు ప్రమాదములకై దేశమంతట ఏర్పరుపబడినది. పొడితో నిప్పార్పు సాధన మొకటి బండిలో నుండవలెను; అది పొయ్యి వెనుక కాదు, తలుపు ప్రక్కన.

ఈ పనులన్నిటికి అగు ఖర్చు బండి వెలలో చిన్న పాలు. అప్పు చేసినవానికి ఆ చిన్న పాలును బరువే యని నేనెరుగుదును. కాని రంగురేకులకును, పేరు వ్రాయించుటకును పెట్టు సొమ్ములో కొంత తగ్గించియైనను గొట్టమునకు పెట్టవలెను. రంగు బేరమును పిలుచును. గొట్టము బేరగాండ్రను, వండు చేతిని, ప్రక్కన నిదురించు బిడ్డను కాచును.

పోరుమామిళ్ల చెరువు కట్టినవారు దోషములను రాతిపై చెక్కించి అందరి యెదుట నిలిపిరి. కట్ట తెగిన తరువాత తెలిసికొనుట కంటె, కట్టుటకు ముందు తెలిసికొనుట మేలని వారి భావము. మన టిఫిను బండివారు ఈ ఆరు మాటలను రేకు లోపలివైపున, పొయ్యి వెలిగించువారి కంటికి ఎదురుగ వ్రాయించుకొందురు గాక: ఊట, మూసిన పల్లము, రాపిడి, ఒరుగు, సెగ, మరపు. ప్రతి ఉదయము అగ్గిపుల్ల గీయుటకు ముందు ఒకమారు చదువుకొని, ఒకమారు ముక్కుతో గాలి పీల్చి చూచి, ఆ తరువాత పొయ్యి వెలిగించినచో చాలును.